ఆ ఆరేళ్ల లెక్క ఇక చాలు

అమెరికన్ గాయని, పాటల రచయిత్రి లూసిండా విలియమ్స్ ఆల్బమ్ 'కార్ వీల్స్ ఆన్ ఎ గ్రావెల్ రోడ్' గురించి రాయబోయేవాళ్లు చాలామంది పాటల కంటే ముందు ఆరేళ్ల లెక్క తీస్తారు. అంతకు ముందు ఆల్బమ్ 1992లో వచ్చింది, ఇది 1998లో. చేసిన రికార్డింగు పక్కన పడేసి మళ్లీ చేసింది, నిర్మాతలను మార్చింది. ఏళ్లుగా వెన్నంటి ఉన్న గిటారిస్టు గర్ఫ్ మోర్లిక్స్ వెళ్లిపోయాడు. దాంతో 'ఒక పట్టాన తృప్తి పడదు' అన్న ముద్ర పడిపోయింది. మెచ్చుకున్నవాళ్లు కూడా దాన్ని చెరపకుండా కితాబుగా మార్చేశారు.

ఆ కాలంలో కొంత రికార్డు కంపెనీల చేతులు మారడంలోనే పోయింది. అది ఆమె చాదస్తం కాదు. ఇక మళ్లీ రికార్డు చేయడమంటారా? గాయకుడు స్టీవ్ ఎర్ల్ 1996 ఆల్బమ్‌లో ఆమె ఒక పాటకు గొంతు కలిపింది. అందులో తన గొంతు వినిపించిన తీరు నచ్చింది. తన పాటల్లోనూ అలాగే ఉండాలని ఎర్ల్, రే కెన్నెడీలను నిర్మాతలుగా పెట్టుకుని నాష్‌విల్‌లో మళ్లీ మొదలుపెట్టింది.

గొంతు కోసం అంత పట్టుదల ఎందుకో టైటిల్ పాట వింటే తెలుస్తుంది. మేకన్ ఊళ్లో ఒక వంటిల్లు, కాఫీ వాసన, రేడియోలో కంట్రీ గాయని లొరెట్టా లిన్ పాట, చివరికి కారు వెనక సీట్లో ఒక చిన్నపిల్ల. ఫిర్యాదు ఒక్కటీ ఉండదు. ఆ పిల్ల తన కూతురేనని గుర్తుపట్టి, కవి అయిన తండ్రి మిల్లర్ విలియమ్స్ ఆమెకు క్షమాపణ చెప్పాడట. గొంతులో ఏ కాస్త జాలి ఎక్కువైనా ఇది ఏడుపుగొట్టు పాట అయిపోయేది. ఆమె మాటల్ని సాగదీస్తూ, బద్ధకంగా, పొడిగా పాడి గట్టెక్కించింది.

విలేజ్ వాయిస్ పత్రిక విమర్శకుల ఓటింగులో 1998కి ఇదే మొదటి స్థానంలో నిలిచింది. గ్రామీ కూడా వచ్చింది, కానీ సమకాలీన జానపద విభాగంలో. కంట్రీ సంగీతం వేసే రేడియో పెద్దగా పట్టించుకోలేదు. విడ్డూరమేమిటంటే, ఆమె రాసిన 'ప్యాషనేట్ కిసెస్'ను మేరీ చాపిన్ కార్పెంటర్ పాడితే, 1994లో ఉత్తమ కంట్రీ పాటగా గ్రామీ ఇచ్చారు. అంటే ఆమె కలం కంట్రీకి పనికొచ్చింది, గొంతు పనికిరాలేదు!

ఆల్బమ్‌కు ఆరేళ్లు ఎందుకు పట్టిందని ఇంకా ఆమెనే నిలదీయడం అన్యాయం. అడగాల్సింది రేడియో వాళ్లను: పాట తీసుకున్న చేత్తో గొంతును ఎందుకు నెట్టేశారని.