కార్బన్ క్రెడిట్లు : సంతకమునకు ముందు లెక్క



పొలములో కర్బనమును నిలువచేసినచో డబ్బు ఇచ్చెదమని కొన్ని సంస్థలు ఒప్పంద పత్రములతో గ్రామములకు వచ్చుచున్నవి. ఫ్యాక్టరీలు గాలిలోనికి వదలు బొగ్గుపులుసు వాయువునకు బదులుగా, మరొకచోట అంత వాయువును నేలలోనో చెట్లలోనో నిలిపిన వారికి ముట్టు ప్రతిఫలమే ఇది. టన్ను వాయువునకు ఒక క్రెడిట్. భారత ప్రభుత్వ వ్యవసాయ శాఖ 2024 జనవరిలో ఇందుకొక విధానమును ప్రకటించినది. ఈ డబ్బు వద్దని నేననను. కాని ఎకరమునకు ఎంత వచ్చునో ముందు లెక్క చూచుకొనవలెను.

ఎకరము పొలములో పై ఆరు అంగుళముల మన్ను సుమారు 900 టన్నులుండును. అందు సేంద్రియ కర్బనము 0.4 శాతము నుండి 0.5 శాతమునకు పెరిగినచో 900 కిలోల కర్బనము చేరినట్లు. ఇది 3.3 టన్నుల బొగ్గుపులుసు వాయువునకు సమానము. ఇందుకు అయిదేండ్లు పట్టుననియు, టన్నుకు 600 రూపాయలు ధర పలుకుననియు అనుకొందము. మొత్తము 1,980 రూపాయలు. అనగా ఎకరమునకు ఏటికి 400 రూపాయలైనను లేదు. మట్టి పరీక్ష, తనిఖీ ఖర్చులు, సంస్థ వాటా ఇందులోనుండియే పోవలెను.

మరి అసలు లాభమెక్కడ? అంత కర్బనముతోపాటు నేలలో 75 మొదలు 90 కిలోల నత్రజని నిలువయుండి, ఏటేట కొద్దికొద్దిగా పైరున కందును. ఇది సుమారు నాలుగు బస్తాల యూరియాలోని నత్రజనికి సమానము. తేమయు ఎక్కువ నిలుచును. కావున జీలుగ, జనుము వేసి కలియదున్నుట, పశువుల ఎరువు తోలుట, గడ్డిని కాల్చకుండుట పంట కొరకే చేయదగిన పనులు. క్రెడిట్ వచ్చినచో అది పై రాబడి.

ఆ రాబడియు స్థిరము కాదు. చైనాలో వరి పొలముల నీటి యాజమాన్యముపై చేపట్టిన 37 పథకములను, క్రెడిట్లు నమోదుచేయు వెర్రా సంస్థ 2024లో త్రోసిపుచ్చినది. అదియును గాక, క్రొత్తగా చేసిన పనికే క్రెడిట్ లభించును. ముందునుండి చేయుచున్న దానికి సాధారణముగా రాదు.

సంతకమునకు ముందు ఈ ప్రశ్నలు అడుగుడు :

1. ఒప్పందము ఎన్ని ఏండ్లు? మధ్యలో విరమించుకొనవచ్చునా?
2. తనిఖీ ఖర్చు ఎవరిది? రైతు వాటా ఎంత?
3. చెట్టు కొట్టినను, పైరు మార్చినను డబ్బు తిరిగి కట్టవలెనా?
4. కౌలు భూమియైనచో డబ్బు కౌలుదారునకా, భూస్వామికా?

వీనికి జవాబులు కాగితముపై లేనిచో సంతకము చేయవలదని నా అభిప్రాయము. ఒంటరి రైతుకు తనిఖీ ఖర్చు భారము. పలువురు రైతులు సంఘముగా చేరినచో అది తగ్గును, బేరమును కుదురును. గ్రామాధికారులు ఒప్పంద పత్రమును తెలుగులో తెప్పించి, గ్రామసభలో అందరికి వినిపించిన పిమ్మటనే ముందుకు సాగనిచ్చుట మంచిది.