పంపు విప్పే ముందు గేజీ పెట్టమనండి



ఇది కాస్త పెద్ద పోస్టే. చైను మిషను ఉన్నవాళ్ళు, నలుగురు కలిసి కొనుక్కున్నవాళ్ళు, కొందామని చూస్తున్నవాళ్ళు ఓపిగ్గా చివరిదాకా చదవండి. మిషను లేనివాళ్ళు కూడా చదవండి. కోతల్లో అది చేలో ఆగిపోతే నష్టం యజమాని ఒక్కడిదే కాదు, వరస కోసం ఎదురు చూస్తున్న పది మందిదీ.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే మాట. ఇంజను బాగానే తిరుగుతూ, మిషను మాత్రం ముందుకి లాగడం లేదంటే, మెకానిక్కు నోట మొదట వచ్చేది "పంపు పోయిందండి" అనే. అది నిజమో కాదో చేత్తో తాకి, చెవితో విని చెప్పలేం. గేజీ పెట్టి చెప్పాలి. గేజీలో ఎంత చూపించిందో కాగితం మీద రాయకుండా పంపు విప్పనివ్వకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

ఎందుకో చెప్తాను. మన ట్రాక్టరులో క్లచ్చి తొక్కి గేరు మారుస్తాం. పళ్ళ చక్రాలు పళ్ళ చక్రాలని తిప్పుతాయి. వరి కోసే చైను మిషనులో అలా కాదు. ఇంజను ఒక పంపుని తిప్పుతుంది, ఆ పంపు ఆయిలుని ఒత్తిడితో ఒక హైడ్రాలిక్ మోటారులోకి తోస్తుంది, ఆ మోటారు గేరుబాక్సుని, దాని ద్వారా చైనుల్ని తిప్పుతుంది. దీన్నే హైడ్రోస్టాటిక్ అంటారు, మన కుర్రాళ్ళు హెచ్ఎస్టీ అంటారు. లివరు ముందుకి తోస్తే పంపు లోపలి ఏటవాలు ప్లేటు ఒక పక్కకి వాలుతుంది, మిషను ముందుకెళ్తుంది. వెనక్కి లాగితే ప్లేటు అవతలి పక్కకి వాలుతుంది, మిషను వెనక్కొస్తుంది. నిటారుగా ఉంటే నూట్రలు. చెరువు పూడికలు తీయడానికి, మెరకలు చదును చేయడానికి వచ్చే చిన్న డోజర్లలో కూడా చాలావాటికి ఇదే పద్ధతి. క్యాటర్‌పిల్లర్ డి5కె, డి6కె రకాలు, కొమాట్సు డి39 ఇలాంటివే.

పంపుకీ మోటారుకీ మధ్య ఉన్న ఆయిలు చాలావరకు అక్కడక్కడే చుట్టూ తిరుగుతుంది. తిరిగేటప్పుడు కొంచెం కొంచెం లోపలే కారుతుంది. కారినంత ఆయిలుని మళ్ళీ నింపడానికి పక్కనే ఒక చిన్న పంపు ఉంటుంది, దాన్ని చార్జి పంపు అంటారు. పెద్ద పంపు బతుకంతా ఈ చిన్న పంపు మీదే. చిన్నదానికి ఆయిలు అందకపోతే పెద్దది ఎంత కొత్తదైనా లాగదు. మన ఆయిలింజనుకి నీళ్ళు లాగే గొట్టం చిల్లుపడి గాలి పీలిస్తే ఏమవుతుంది? ఇంజను తిరుగుతూనే ఉంటుంది, నీళ్ళు మాత్రం రావు. అప్పుడు మనం ఇంజను మారుస్తామా? గొట్టం చూస్తాం, ఫుట్ వాల్వు చూస్తాం. ఇక్కడా అంతే.

మా పక్క ఊళ్ళో నలుగురు కలిసి కొన్న మిషను ఒకటుంది. పొద్దున్నే చక్కగా కోసేది. ఎండెక్కేసరికి నీరసపడిపోయేది, బురద మడిలో గట్టు ఎక్కలేకపోయేది. మెకానిక్కు వచ్చి పంపన్నాడు. అప్పు చేసి కొత్త పంపు వేయించారు. వారం తిరక్కుండానే మళ్ళీ అదే నీరసం. చివరికి తేలిందేమిటంటే ఆయిల్ కూలరు రెక్కల మధ్య గడ్డి నుసి, దుమ్ము అట్టలు కట్టేసి ఉంది. ఆయిలు కాగిపోయి నీళ్ళలా పలచబడి లోపలే కారిపోతోంది. కూలరు కడిగాక మిషను సాయంత్రం దాకా ఆగలేదు. పాత పంపు నిజంగా అరిగిందో లేదో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు, ఎందుకంటే దాన్ని ఎవరూ కొలవలేదు. విప్పి తీసుకుపోయారు, అంతే.

అందుకని మిషను నీరసపడితే ఈ వరసలో చూస్కోండి. ముందు చదును నేల మీద ఆపి, కట్టరు కిందికి దించి, ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టండి.

1. ఆయిలు మట్టం. తగ్గితే ఎక్కడ పోతోందో వెతకండి, పోసేసి ఊరుకోకండి. రంగు చూడండి. పాలలాగా తెల్లగా ఉంటే నీళ్ళు కలిశాయి. నురగ కడుతుంటే గాలి పీలుస్తోంది. మాడు వాసన వస్తే బాగా కాగింది. పుస్తకంలో రాసిన ఆయిలే పొయ్యాలి. డబ్బాలో మిగిలింది కదా అని వేరే ఆయిలు కలపకండి.

2. ఫిల్టరు. ఎన్ని గంటలకి మార్చాలో పుస్తకంలో ఉంటుంది. సీజనుకి సీజను వాయిదా వేసిన ఫిల్టరు చార్జి పంపు గొంతు నొక్కుతుంది.

3. ఆయిలు లాగే గొట్టం, క్లిప్పులు. బయటికి చుక్క కూడా కారకుండా లోపలికి గాలి పీల్చగలదు. తిరిగేటప్పుడు కీచుమని, మూలుగుతున్నట్టు చప్పుడొస్తే ముందు దీన్నే అనుమానించండి.

4. బెల్టు. ఇంజను నుంచి పంపుకి బెల్టు మీద తిరుగుడు వచ్చే మిషను అయితే ఇది మరిచిపోకండి. బెల్టు జారితే లోడు పడగానే మిషను ఆగుతుంది, అచ్చం పంపు పోయినట్టే ఉంటుంది.

5. లివరు, లింకు రాడ్డు. మీరు లివరు పూర్తిగా తోసినా పంపు దగ్గర ఆర్మ్ పూర్తిగా తిరుగుతోందా? బోల్టు అరిగితే, రాడ్డు వంగితే సగమే తిరుగుతుంది. నూట్రల్లో పెట్టినా మిషను మెల్లగా పాకుతుంటే చాలాసార్లు ఈ సెట్టింగు తేడాయే.

6. కూలరు, రేడియేటరు. కోతల్లో రోజూ గాలి కొట్టాల్సిందే.

ఈ ఆరూ చూడటానికి గంట చాలు. వీటిల్లో ఏదీ పంపు ఖర్చులో పదో వంతు కూడా కాదు.

ఇవన్నీ బాగుండి కూడా లాగకపోతే, మిషను పడే బాధ తీరు చూడండి. అదే సగం జబ్బు చెప్తుంది. ముందుకి బాగా వెళ్ళి వెనక్కి మాత్రం నీరసం, లేదా వెనక్కి బాగుండి ముందుకి నీరసం అనుకోండి. అప్పుడు పంపు అరిగిందనే కంటే ఆ వైపు రిలీఫ్ వాల్వు, చెక్ వాల్వు అనుమానించాలి. పంపు లోపల అరిగితే రెండు వైపులా నీరసమే చూపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, కూలరు శుభ్రంగా ఉన్నా కాగాక నీరసపడితే మాత్రం అరుగుదల అనుమానం బలపడుతుంది. వరి మిషను ఒక పక్కకే లాగుతుంటే, అది ఒకే పంపు, ఒకే మోటారు ఉన్న రకమైతే, తప్పు ఎక్కువగా పంపులో ఉండదు. స్టీరింగు క్లచ్చి, బ్రేకు, చైను బిగువు చూడాలి. డోజరులో వేరు. అక్కడ ఎడమ చైనుకి ఒక పంపు, కుడి చైనుకి ఒక పంపు ఉంటాయి కాబట్టి, ఒక పక్క నీరసమంటే ఆ పక్క పంపో మోటారో వాల్వో చూడాలి. రెండు పక్కలా ఒకేసారి నీరసపడితే రెండిటికీ ఉమ్మడిగా ఉన్నది చూడాలి, అంటే ఆయిలు, ఫిల్టరు, చార్జి ప్రెషరు.

అప్పుడు గేజీ. మొదట చార్జి ప్రెషరు కొలవాలి, తర్వాత లోడు మీద పెద్ద లైను ప్రెషరు. ఎంత ఉండాలో ఆ మోడలు సర్వీసు పుస్తకంలో ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా కాగాక ఒకసారి కొలిచి రెండూ రాయాలి. చార్జి ప్రెషరే లేకపోతే పెద్ద పంపు గురించి మాట్లాడటం అనవసరం, ముందు చిన్నదాని సంగతి తేల్చాలి. చార్జి సరిగా ఉండి, వాల్వులు బాగుండి, కాగాక పెద్ద లైనులో ప్రెషరు నిలవకపోతే అప్పుడు పంపో మోటారో అరిగిందని నమ్మొచ్చు.

ఇది తెలిసిన మెకానిక్కు చేయాల్సిన పని. మీరు చేయకండి. ట్రాక్టరు ముందు టైరులో ఉండే గాలి రెండు బార్లు, కొంచెం అటూ ఇటూ. ఈ పెద్ద లైనులో లోడు మీద వందల బార్లు ఉంటుంది. చిన్న గేజీ అక్కడ పెడితే పగిలి ముఖాన కొడుతుంది. సన్న చిల్లులోంచి చిమ్మే ఆయిలు చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాయమే కనపడుతుంది గానీ వేళ్ళు, చెయ్యి తీసేయాల్సి రావచ్చు. కారుడు వెతకాలంటే చెయ్యి పెట్టొద్దు, అట్టముక్క పెట్టండి. ఒంట్లోకి ఆయిలు పోతే కట్టు కట్టి ఇంటికి రాకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి.

సరే, పంపు నిజంగానే పోయిందనుకుందాం. అప్పుడూ ఒక జాగ్రత్త ఉంది. పాత ఫిల్టరు మీ ఎదురుగా కోయించండి. లోపల ఇత్తడి రంగు రేకులు, మెరిసే పొడి కనపడితే ఆ ముక్కలు ఒక్క పంపులోనే ఉండవు. మోటారు, గొట్టాలు, కూలరు, ట్యాంకు అన్నిట్లోకీ పోయి ఉంటాయి. అవన్నీ కడగకుండా కొత్త పంపు బిగిస్తే, పాతదాని ముక్కలే కొత్తదాన్ని తింటాయి. రెండో పంపు కూడా పోయిందని ఏడ్చేవాళ్ళలో చాలామంది కథ ఇదే. పని కూడా చేలో, గాలి దుమ్ములో కాదు, షెడ్డులో చేయించాలి. ఇంకోటి, ఆగిపోయిన మిషనుని ట్రాక్టరుకి కట్టి ఈడ్చేముందు బైపాస్ వాల్వు సంగతి పుస్తకంలో చూడండి. అలాగే ఈడిస్తే బాగున్న మోటారు కూడా పాడవుతుంది.

మెకానిక్కులందరూ దొంగలని నేను అనడం లేదు. సీజనులో ఒక్కొక్కడికి ఇరవై ఫోన్లు వస్తాయి. "ఏదో ఒకటి మార్చెయ్ బాబూ, సాయంత్రానికి మిషను దిగాలి" అని తొందరపెట్టేది మనవాళ్ళే. సార్వా కోతలప్పుడు తుపాను వార్త వచ్చిందంటే ఎవరికీ నిదానం ఉండదు. పడిపోయిన చేలో నీళ్ళు నిలిస్తే గింజ మొలకెత్తుతుందన్న భయం అందరిదీ. కానీ గేజీ పెట్టడానికి పట్టేది ఒక పూట. పొరపాటున పంపు మారిస్తే పోయేది రెండు మూడు సీజన్ల కిరాయి, పైన వడ్డీ. తొందర ఉన్నప్పుడే కొలత ఎక్కువ అవసరం.

కాబట్టి మనం చేయాల్సినవి మూడున్నాయని నా ఆలోచన. ఒకటి, మిషనున్న నాలుగైదు ఊళ్ళవాళ్ళు కలిసి సరైన గేజీల సెట్టు ఒకటి కొనుక్కోవాలి. సొసైటీ దగ్గరో, యంత్రాలు అద్దెకిచ్చే గ్రూపు దగ్గరో పెట్టుకోవచ్చు. రెండు, పంపు బిల్లు కట్టేముందు రీడింగులు రాసిన కాగితం, పాత పంపు, కోసిన ఫిల్టరు మూడూ అడగాలి. అడిగేవాడుంటే కొలిచేవాడు తయారవుతాడు. మూడు, ఊళ్ళో చదువుకుని ఖాళీగా ఉన్న కుర్రాళ్ళకి ఈ పని నేర్పించాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాల మీద శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. మన గ్రూపుల తరఫున అక్కడికి పంపమని, హెచ్ఎస్టీ రిపేరు నేర్పమని అధికారులని అడగడంలో తప్పులేదు. మిషన్లకి సబ్సిడీ అడిగినంత గట్టిగా దీన్నీ అడగాలి.

ఒంట్లో బాగాలేదని ఆసుపత్రికి వెళ్తే బీపీ చూడకుండా, రక్తం పరీక్ష చేయకుండా ఆపరేషన్ అంటే ఒప్పుకుంటామా? మిషను కూడా లక్షలు పెట్టి, పొలం కాగితాలు తాకట్టు పెట్టి తెచ్చుకున్నదే.

మీ మిషనుకి పంపు మార్చారా? మార్చేముందు ప్రెషరు ఎంతుందో ఎవరైనా కొలిచి చెప్పారా? కింద రాయండి. అవతల ఊరి రైతుకి పనికొస్తుంది.