జనాభా లెక్కలు - కులనామములు

2027 జనాభా లెక్కలలో అన్ని కులములను నమోదు చేయుటకు కేంద్రప్రభుత్వమువారు 2025 ఏప్రిల్ 30న నిశ్చయించిరి. సర్వకులముల సంఖ్యలును అంతకుముందు పూర్తిగా ప్రకటింపబడినది 1931లో. 1941లో యుద్ధకారణమున కులపట్టికలు వెలువడలేదు. 1951 మొదలు 2011 వఱకు షెడ్యూల్డు కులములను, తెగలను మాత్రమే వేఱుగా లెక్కించిరి. లెక్కింపనంతమాత్రమున కులము మాసిపోయెనా? పోలేదు. కావున ఈ నిశ్చయమును మేము స్వాగతించుచున్నాము. కాని లెక్కించుట యొక యెత్తు. ఏ పేరుతో లెక్కించుట యనునది మఱియొక యెత్తు.

కోనసీమ చరిత్రయే యిందులకు నిదర్శనము. ఇచ్చటి ఈడిగ సోదరులు దొమ్మేటి వెంకటరెడ్డిగారి నాయకత్వమున కృషిచేసి, 1920లో సెట్టిబలిజ యను నామమును మద్రాసు ప్రభుత్వముచేత అంగీకరింపజేసికొనిరి. 1911లో తాత యొక పేరున, 1921లో మనుమడు వేఱొక పేరున లెక్క కెక్కియుండవచ్చును. పట్టికలను మాత్రమే చూచువానికి ఒక కులము క్షీణించినట్లును, మఱియొకటి పెరిగినట్లును తోచును. పుట్టినవారు లేరు, గిట్టినవారు లేరు, మాఱినది పేరే. అట్లే 1917లో బెజవాడ సభయందు భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతన పంచమ శబ్దమును త్రోసిపుచ్చి ఆదిఆంధ్ర నామమును స్వీకరించిరి. 1931 లెక్కలలో మాల, మాదిగ నామముల ప్రక్కనే ఆదిఆంధ్ర నామమును గానవచ్చును. 1997 వర్గీకరణమున ఆదిఆంధ్రులను ప్రత్యేకవర్గముగా నుంచిరి. 2004లో సుప్రీముకోర్టు ఆ వర్గీకరణమును కొట్టివేసినది. 2024 ఆగస్టు 1న ఉపవర్గీకరణము సమ్మతమే యని తీర్పుచెప్పినది. కావున పేరు వట్టి గౌరవవిషయము కాదు. బిడ్డల చదువును, ఉద్యోగమును దాని ననుసరించియున్నవి.

కాట్రేనికోన మండలమునందలి బలుసుతిప్పవంటి మత్స్యకార గ్రామములను గూర్చి యోచింపుడు. వెనుకబడిన తరగతుల జాబితాలో అగ్నికులక్షత్రియ, పల్లి, వాడబలిజ, బెస్త, జాలరి మొదలగు నామములు ఒక్కచోటనే కలవు. వేటకు పోయిన యజమాని చెప్పు పేరొకటి, ఇంట నున్న ముసలమ్మ చెప్పు పేరొకటి యైనచో, ఒక్క గ్రామమే రెండు మూడు కులములుగా చీలిపోవును. 2011 సామాజికార్థిక గణనమున 46 లక్షలకు పైగా కులనామములు వచ్చిపడుటయు, ఆ సంఖ్యలు వెలుగు చూడకపోవుటయు ఇట్టి చిక్కుచేతనే గదా!

ఇది మన దేశమునకే చెల్లిన చిక్కు కాదు. అమెరికాలో 1930 లెక్కలయందు మనదేశస్థుల నందఱిని, ఏ మతమువారైనను, 'హిందూ' జాతి యను గడిలో వ్రాసిరి. 1980లో 'ఆసియా ఇండియను' లనిరి. అచ్చటను మాఱినది గడియే గాని మనిషి కాడు.

కావున మేము కోరునది యిది. చెప్పినవాని మాటనే వ్రాయవలెను. గణకుడు తన యూహ చొప్పున దిద్దరాదు. పర్యాయనామములను ముందుగానే ప్రకటించి, పాతపేరును క్రొత్తపేరును పట్టికలలో జతపఱుపవలెను. 1901లో రిజ్లీదొర కులములకు హెచ్చుతగ్గుల వరుస కట్టబోగా అర్జీలు వెల్లువెత్తినవి. అట్టి పనికి మరల పూనుకొనరాదు. సంఖ్యలను బీరువాలలో బంధింపక మండలముల వారీగా ప్రకటింపవలెను.

భూస్వాములకును, పట్టణవాసులకును మా విన్నపమొకటి కలదు. మీ పాలికాపుల తరఫున, మీ యింటి పనివారి తరఫున మీరు సమాధానము చెప్పవలదు. తన పేరు తాను చెప్పుకొనుట కంటె చిన్నహక్కు లేదు. అదియు దక్కనివానికి ఏ లెక్కయు న్యాయము చేయజాలదు.