ఫైన్ కట్టేస్తే అయిపోదు.. అసలు దెబ్బ లైసెన్సు మీదే

డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికిన కుర్రాళ్లు ముందు అనే మాట 'ఎంత కట్టాలి భాయ్?' అని. హెల్మెట్ చలానాలాగే ఇదీ ఫోన్‌లో కట్టేస్తే పోతుందని చాలామంది ధీమా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కేసు అలా పోదు, కోర్టు మెట్లు ఎక్కాల్సిందే. హైదరాబాద్‌లో అయితే అంతకుముందే కౌన్సెలింగ్, దానికి ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని రమ్మంటారు. అబ్బాజాన్‌కు చెప్పకుండా దాచడం కుదిరే పని కాదు.

100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారికి 2 వేలు ఉండే జరిమానా 2019 సెప్టెంబర్ 1 నుంచి 10 వేలయింది, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే 15 వేలు, జైలు రెండేళ్ల దాకా.

డబ్బు ఎక్కడో అప్పు చేసైనా కడతారు. లైసెన్సు సంగతి అలా కాదు. తాగి నడిపితే కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని రోడ్డు భద్రతపై సుప్రీంకోర్టు కమిటీ 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది. రెండోసారి శిక్ష పడితే సెక్షన్ 22 ప్రకారం కోర్టు లైసెన్సు రద్దు చేసి తీరాలి, 'ఈసారికి వదిలేయండి సార్' అనడానికి వీల్లేదు. సస్పెన్షన్‌కీ రద్దుకీ తేడా చాలామందికి తెలియదు. సస్పెండ్ అయితే గడువు తీరాక కార్డు తిరిగి వస్తుంది. అయితే 2019 సవరణ తర్వాత ఆర్టీఏ అనర్హత వేటు వేస్తే రిఫ్రెషర్ ట్రైనింగ్ పూర్తిచేస్తేనే చేతికిస్తారు. రద్దయితే ఆ పాత లైసెన్సు కథ ముగిసినట్టే. ఈ మధ్యలో బండి నడుపుతూ దొరికారా, సెక్షన్ 182 కింద మరో 10 వేలు, మూడు నెలల వరకు జైలు.

ఇక్కడే అన్యాయం అనిపించేదీ ఉంది. సొంత కారున్నవాడు మూడు నెలలు క్యాబ్‌లో తిరుగుతాడు, ఆటో నడిపేవాడి ఇంట్లో మూడు నెలలు పొయ్యి వెలగదు. అలాగని డ్రైవర్లను వదిలేయమనడం తప్పు, వాళ్ల వెనక సీట్లో కూర్చునేది మన పిల్లలే. అడగాల్సింది ట్రైనింగ్ దగ్గర్లో, త్వరగా దొరికేలా చూడమని. ఆర్టీఏ సస్పెన్షన్ ఉత్తర్వు మీద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చని కూడా ఆ కాగితం అందుకున్న చాలామందికి తెలియదు.

ఇన్సూరెన్స్ దెబ్బ ఇంకా పెద్దది. తాగి నడిపినట్టు తేలితే సొంత బండి డ్యామేజీ క్లెయిమ్ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఎదుటివాళ్ల నష్టపరిహారం విషయంలోనూ 2019 సవరణ కంపెనీకి అదే వాదన చేతికిచ్చింది. లక్షలు వచ్చి ఇంటి మీద పడొచ్చు.

'మా ఇంట్లో తాగుడు లేదు' అనే కుటుంబాలూ ఒక్కసారి ఆగాలి. సెక్షన్ 185 మద్యానికే కాదు, మత్తుమందుకూ వర్తిస్తుంది. గంజాయి, నిద్ర మాత్రలు కూడా, బండి అదుపు చేయలేని స్థితి ఉంటే చాలు, అక్కడ 30 మిల్లీగ్రాముల లెక్క లేదు. పిల్లలు గల్ఫ్‌లో డ్రైవర్లుగా ఉన్న ఇళ్లకైతే ఇది ఇంకా ముఖ్యం. యూఏఈలో 2025 మార్చి 29 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో తాగి నడిపితే 20 వేల నుంచి లక్ష దిర్హాముల వరకు జరిమానా, మత్తుమందుకు కనీసం 30 వేలు. మూడోసారికి లైసెన్సు రద్దు.