మా బసవడికి నంబరు ప్లేటు

మొన్న దసరా నాడు వాకిట్లో బండి కడిగి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు సర్దుతున్నాను. పక్కింటి రెండో తరగతి పిల్ల వచ్చి "పెద్దమ్మా, మీ బండి పేరేంది?" అంది. "హీరో హోండా" అన్నాను. "అది కంపెనీ పేరు గదా, మరి దీని పేరు?" అని నిలదీసింది. నేను నీళ్లు నములుతుంటే లోపల్నుంచి మా మామగారు "బసవడు!" అని కేకేశారు.

ఔనమ్మా, మా మోటారు సైకిలు పేరు బసవడే. నవ్వకండి. మీ ఇంట్లో మగవాళ్లను అడిగి చూడండి, "బండికి పేరేంటి, పిచ్చా?" అంటారు. పొద్దున్నే కిక్కు కొడుతూ దాంతో వాళ్లు మాట్లాడే మాటలు వంటింట్లోకి వినబడవనుకుంటారు కాబోలు. స్టార్టయితే ఒక పేరు, కాకపోతే ఇంకో పేరు!

మాది వనపర్తి దగ్గర పల్లె. మామగారికి ఎద్దుల జత ఉండేది, రాముడు, బసవడు. 2002లో వానలు ఎగ్గొట్టాయి. వేరుసెనగ ఎండిపోయింది, మేత కరువైంది. మరుసటేడు జతను అమ్మక తప్పలేదు. రాముడి డబ్బు అప్పుకు పోయింది, బసవడి డబ్బు బండికి కట్టాం. మా వారు కొత్త బండి ఇంటికి తెచ్చిన రోజు మామగారు దాని చుట్టూ తిరిగి, ట్యాంకు మీద ఎద్దు వీపు నిమిరినట్టు నిమిరి, "బసవడు మళ్లొచ్చిండు" అన్నారు. ఇప్పటికీ ఎండ పెరిగితే "బసవణ్ణి నీడకు కట్టెయ్ బిడ్డా" అనే అంటారు నాతో.

మా ఆడపడుచును గద్వాల ఇచ్చాం. అన్నయ్య చాలా ఏళ్లు మగ్గాల ఇళ్ల నుంచి చీరలు చేతక్ స్కూటరు మీద షాపులకు చేరవేసేవాడు. అది పుడుతూనే పేరు పెట్టుకుని వచ్చిన బండి. 1576లో హల్దీఘాటీ యుద్ధంలో రాణా ప్రతాప్‌ను మోసిన గుర్రం పేరు చేతక్. ఆ పేరునే బజాజ్ వాళ్లు 1972లో స్కూటరుకు పెట్టారు. గుర్రమే గానీ, స్టార్టు కాకపోతే ఒక పక్కకు వంచి బుజ్జగించాల్సి వచ్చేది. ముందు చీరల మూట, వెనక మా ఆడపడుచు. మూటకు కొంగు తగలకుండా కూర్చోమని రోజూ చెప్పేవాడట!

నా పుట్టిల్లు నాగర్‌కర్నూలు. అక్కడ మా తమ్ముడి టీవీఎస్ ఎక్సెల్ మీద పాల క్యాన్లు, గడ్డి మోపు, ఎరువు బస్తా, ఇద్దరు పిల్లలు అన్నీ ఎక్కుతాయి. దానికి మా మరదలు పెట్టిన పేరు గాడిద. పొద్దున్నే "గాడిద బయలుదేరిందా?" అంటుంది. బండినంటుందో మా తమ్ముణ్ణంటుందో ఇప్పటికీ తేలలేదు. ఇక ఆదివారం పొద్దంతా తుడుస్తూ కూర్చునే భర్తలున్న చోట ఆ బండి పేరు సవతే. చెప్పనక్కర్లేదు.

మా బసవడిది ఏపీ 22, పాత మహబూబ్‌నగర్ జిల్లా నంబరు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక పుట్టింటికి 31, మాకు 32, ఆడపడుచుకు 33 వచ్చాయి. ఒక్క పాలమూరు వాళ్లం మూడు నంబర్ల వాళ్లమయ్యాం.

ఇంత ముద్దు చేసుకున్న బండి మీదనే పోయినేడు మా అబ్బాయి పడ్డాడు. కొత్తకోట వైపు నుంచి రాత్రి వస్తుంటే రోడ్డు మీద ఆరబోసిన మక్కలు చీకట్లో కనబడలేదట. చక్రం జారింది. నుదుటి మీద ఆరు కుట్లు. హెల్మెట్ ఎక్కడుంది? అటక మీద! వాసనొస్తుందట, జుట్టు పాడవుతుందట.

మంచంలో పడుకుని వాడే ఒక కథ చదివి చెప్పాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అరబ్బుల పక్షాన పోరాడిన లారెన్స్ అనే ఇంగ్లీషు ఆయనకు మోటారు సైకిళ్లంటే ప్రాణమట. ఒకదాని తర్వాత ఒకటి కొని, బోనర్జీస్ అని పిలుచుకునేవాడట. బైబిల్లో మాట, ఉరుము బిడ్డలని అర్థం. 1935 మే నెలలో సైకిళ్ల మీద వస్తున్న ఇద్దరు పిల్లల్ని తప్పించబోయి పడి, తలకు దెబ్బ తగిలి, ఆరు రోజులకు పోయాడు. వయసు నలభై ఆరు. చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే ఆయన ఆ తర్వాత మోటారు సైకిళ్ల వాళ్ల తల దెబ్బల మీద పరిశోధన చేసి 1941లో ప్రచురించాడు. అక్కడి సైన్యంలో హెల్మెట్లు తప్పనిసరి కావడానికి అది కారణమైంది. "ఆయన తల్లికి అప్పుడు ఎలా ఉండిందో రాశారా?" అని అడిగాను. వాడు ఫోను పక్కన పెట్టాడు.

లేచి తిరిగాక కొత్త బండి కావాలన్నాడు, పాతది ఎక్స్ఛేంజ్ ఇద్దామన్నాడు. నిజం చెప్పొద్దూ, నేను కొడుకు వైపే. పదిహేనేళ్లు నిండాక మా వారు దానికి రెండుసార్లు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించారు, రిపేరు ఖర్చు వేరే. షాపులో చెప్పిన ధర మేకపోతు ధర కూడా కాదు. అయినా ఇచ్చేద్దామన్నాను. మామగారు అన్నం కంచం ముందు నుంచి లేచి, "ఒకసారి అమ్మినం. ఇంకోసారి అమ్మేది లేదు" అన్నారు. ఆ పూట ఆయన తినలేదు. నేనూ తినలేకపోయాను.

చివరికి బసవడు పొలం తిరగడానికి మా వారికే ఉన్నాడు. అబ్బాయి వాయిదాల మీద వేరే బండి తెచ్చుకున్నాడు, హెల్మెట్ లేకుండా తాళంచెవి చేతికివ్వనని నేను పెట్టిన షరతు మీద. పేరు పెట్టమని తాతనే అడిగాడు. అడగాలా, రాముడట! ఈ రాముడిది మాత్రం టీజీ 32.

అన్నట్టు, హెల్మెట్ వాసనకు భయపడకండి. లోపలి మెత్త ఊడివచ్చే రకమైతే తీసి, గోరువెచ్చటి నీళ్లలో కొంచెం షాంపూ వేసి పిసికి, నీడలో ఆరేయండి. నేను పాత నూలు చీరతో లోపల పెట్టుకునే పల్చటి టోపీలు కుట్టిచ్చాను, వారానికి రెండు ఉతుకుతాను. పైడొప్పను పెట్రోలుతో, కిరసనాయిలుతో తుడవకండి, దెబ్బతింటుంది. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. గట్టి దెబ్బ తగిలినదాన్ని పైకి పగులు కనబడకపోయినా మళ్లీ పెట్టుకోనివ్వకండి. మా అటక మీది పాతది దించుతుంటే జారి బండల మీద పడింది. దాంట్లో మట్టి పోసి కొత్తిమీర చల్లాను, బాగానే మొలిచింది.