కంఠసర్పి, నాడులు, మన వంటింటి వైద్యం

బాక్టీరియా వంటి సూక్ష్మజీవులకు కూడా వైరస్‌లు సోకుతాయి. వాటిని బాక్టీరియోఫేజ్‌లనీ, క్లుప్తంగా ఫేజ్‌లనీ అంటారు. 1915లో ట్వోర్ట్, 1917లో ద'హెరెల్ వీటిని వేర్వేరుగా గుర్తించారు. అంతకుముందే, 1896లో, గంగా యమునా జలాలలో కలరా క్రిములు త్వరగా నశిస్తున్నాయని హాన్‌కిన్ అనే శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. అందుకు కారణం ఈ ఫేజ్‌లే కావచ్చునని తరువాతివారు భావించారు. మన పేగులలో కూడా ఇవి అసంఖ్యాకంగా ఉన్నాయి. అవి మెదడుపై సైతం ప్రభావం చూపుతాయన్న మాట ఇప్పుడు బాగా ప్రచారంలోకి వచ్చింది.

ఈ వార్త చదివిన మా తమ్ముని కుమార్తె మొన్న ఉప్పాడలోని మా ఇంటికి వచ్చినప్పుడు, "పెదనాన్నగారూ! పిల్లవాడికి జ్ఞాపకశక్తి పెరగాలంటే రోజుకు ఎన్ని గ్లాసుల మజ్జిగ ఇవ్వమంటారు?" అని అడిగింది. మజ్జిగకు ఆమె అంత ప్రాముఖ్యం ఇవ్వడానికి కారణం లేకపోలేదు. స్పెయిన్ పరిశోధకులు 2022లో ప్రకటించిన అధ్యయనంలో, తోక గల ఒక జాతి ఫేజ్‌లు పేగులలో ఎక్కువగా ఉన్నవారికి జ్ఞాపకశక్తి, ఆలోచనాపటిమ మెరుగ్గా ఉన్నట్లు తేలింది. వాటిలో పాలను పులియబెట్టే లాక్టోకాకస్ బాక్టీరియాపై బ్రతికే ఫేజ్‌లు ముఖ్యమైనవి. వాటిని ఆహారంలో కలిపి పెడితే ఈగలలో కూడా జ్ఞాపకశక్తికి సంబంధించిన మార్పులు కనిపించాయి. ఇంతవరకు వినడానికి బాగానే ఉన్నది. అయితే 2018లో వెలువడిన మరొక పరిశీలనలో, పార్కిన్సన్ వ్యాధిగ్రస్తుల పేగులలో అదే లాక్టోకాకస్‌ను నాశనం చేసే ఫేజ్‌లు అధికంగా కనిపించాయి. ఒకచోట మేలు చేస్తున్నట్లు తోచినవే మరొకచోట అనుమానితులయ్యాయి! ఈ రెండూ సంబంధాన్ని సూచించే ఫలితాలే తప్ప, కార్యకారణాన్ని మనుషులలో నిరూపించినవి కావు. మజ్జిగ ఆకలికీ, అరుగుదలకూ మంచిది కనుక త్రాగవలసినదే. దానిని మెదడుకు మందుగా చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా నేను వేరే ప్రశ్న వేశాను: "వాడికి అయిదేళ్ల టీకా వేయించారా?" "జ్వరం వస్తుందని మానేశామండీ. చిన్నప్పుడు అన్నీ వేయించాం కదా!" అన్నది. తన తండ్రికి చిన్నతనంలో ఏమి జరిగిందో ఈ అమ్మాయికి ఎవరూ చెప్పలేదని నాకు అప్పుడే తెలిసింది.

1967లో మా తమ్మునికి ఆరేళ్లు. గొంతునొప్పి, కొద్దిపాటి జ్వరం వచ్చాయి. మా నాయనమ్మ చేయి మంచిదని వీధిలో పేరు. ఉప్పునీటితో పుక్కిలింపజేసింది, మిరియాల కషాయం పోసింది, అతిమధురం చప్పరించమన్నది. రెండవనాటికి గొంతులో మీగడ వంటి పొర ఏర్పడి, క్రమంగా బూడిదరంగుకు తిరిగింది. నాయనమ్మ వేలికి గుడ్డ చుట్టి, తేనె అద్ది, ఆ పొరను తుడవబోయింది. నెత్తురు వచ్చింది. మూడవనాడు మెడ వాచి, ఊపిరి కష్టమైన తరువాతగాని కాకినాడ తీసుకువెళ్లలేదు. అది కంఠసర్పి. ఇంగ్లీషులో డిఫ్తీరియా అంటారు. విషానికి విరుగుడైన సీరం ఎక్కించారు. పిల్లవాడు బ్రతికాడు.

గొంతు బాగుపడి ఇంటికి వచ్చాక, మూడవ వారంలో, వాడు త్రాగిన పాలు ముక్కులోంచి రావడం మొదలైంది. మాట ముక్కుతో పలుకుతున్నట్లు మారింది. మా నాన్నగారి మగ్గం ప్రక్కన కూర్చుని పడుగు పోగులు లెక్కపెట్టడం వాడికి ఆట. ఆ పోగులు అలుక్కుపోయినట్లు కనబడుతున్నాయని మానేశాడు. విచిత్రమేమంటే, సముద్రంలో దూరాన ఉన్న తెరచాప మాత్రం వాడికి స్పష్టంగానే కనబడేది. తరువాత కాళ్లలో సత్తువ తగ్గింది. నాయనమ్మ దిష్టి తీసింది. ఇరుగుపొరుగువారు పక్షవాతమన్నారు. పూర్తిగా కోలుకోవడానికి మూడు నెలలు దాటింది.

బాక్టీరియా వైరస్ మానవ నాడులను దెబ్బతీసే మార్గాలలో సందేహానికి తావులేకుండా నిరూపితమైనది ఇది. కంఠసర్పి క్రిమికి స్వతహాగా ఆ విషాన్ని తయారుచేసే శక్తి లేదు. ఒక ఫేజ్ దానిలో ప్రవేశించి, దానిని చంపకుండా, తన జన్యుపదార్థాన్ని క్రిమి జన్యువులలో కలిపివేస్తుంది. విషం తయారుచేసే జన్యువు ఆ ఫేజ్ తెచ్చినదే. దీనిని 1951లో అమెరికాలో ఫ్రీమన్ కనుగొన్నాడు. అంటే వైరస్ మన నాడులలోకి రానే రాదు. క్రిమి చేతికి ఆయుధం అందించి ఊరుకుంటుంది. గొంతులో పుట్టిన విషం రక్తంలో కలిసి గుండె కండరానికీ, నాడులకూ చేరుతుంది. విద్యుత్ తీగకు రబ్బరు తొడుగు ఉన్నట్లు నాడులకు కొవ్వుతో కూడిన తొడుగు ఉంటుంది. దానిని నిర్మించే కణాలను ఈ విషం దెబ్బతీస్తుంది. ఇది సాధారణంగా మెదడులోకి చొరబడలేదు. అంగిలికీ, కంటికీ, కాళ్లుచేతులకూ పోయే నాడులే దీనివల్ల చెడుతాయి. తొడుగు తిరిగి ఏర్పడుతుంది కనుకనే మా తమ్ముడు మళ్లీ పోగులు లెక్కపెట్టగలిగాడు. గుండె దెబ్బతిన్నవారందరికీ ఆ అదృష్టం ఉండదు.

1890లో బెరింగ్ కనుగొన్న విరుగుడు సీరం రక్తంలో తిరుగుతున్న విషాన్నే అణచగలదు. కణంలోకి ప్రవేశించిన విషాన్ని వెనక్కు తీయలేదు. మా నాయనమ్మ ప్రేమతో చేసిన కషాయాలకు మేము చెల్లించిన వెల ఆ రెండు రోజులు. ఈ మాట వ్రాయడం నాకు సులభం కాదు. ఆమె నేర్పిన చిట్కాలనే నేను నలభై ఏళ్లుగా పదిమందికీ చెబుతున్నాను. కాని ఆయుర్వేదం కూడా ఈ విషయంలో తాత్సారాన్ని సమ్మతించలేదు. గొంతులో పుట్టే "రోహిణి" అనే వ్యాధిని, చాలామంది కంఠసర్పిగా గుర్తిస్తున్నదానిని, చరకసంహిత మూడు రాత్రులలో ప్రాణం తీసేదిగా, త్వరితంగా చికిత్స చేయవలసినదిగా చెప్పింది. చరకుని పేరు చెప్పి కషాయంతో కాలయాపన చేసేవారు ఆ భాగాన్ని చదివినట్లు లేదు.

సాధారణ గొంతునొప్పికి ఉప్పునీరు, పసుపుపాలు నిశ్చయంగా ఉపశమనమిస్తాయి. అయితే పుక్కిలింపజేసే ముందు పిల్లవాని నోరు తెరిపించి, వెలుతురులో గొంతు చూడండి. తెల్లని లేదా బూడిదరంగు పొర కనిపించినా, మెడ వాచినా, దానిని గీకవద్దు, తుడవవద్దు. ఆ గంటలోనే పెద్ద ఆసుపత్రికి బయలుదేరాలి.

ఇది గతించిన వ్యాధి అనుకోవడం పొరపాటు. ఈ శతాబ్దంలో కూడా హైదరాబాదు నల్లకుంట జ్వరాసుపత్రికి కంఠసర్పి రోగులు వచ్చారు. శిశువుకు 6, 10, 14 వారాలలో వేసే టీకాల రక్షణ కాలక్రమేణా తగ్గుతుంది. అందుకే 16 నుండి 24 నెలల మధ్య ఒకటి, 5 నుండి 6 ఏళ్ల మధ్య మరొకటి, తిరిగి 10వ, 16వ ఏట ప్రభుత్వం ఉచితంగా వేయిస్తున్నది. చదువుకున్న ఇళ్లలో సైతం శిశువుగా ఉన్నప్పటి టీకాలు తప్పవు గాని, బడి వయసు వచ్చాక వేయవలసినవి మరచిపోతున్నారు.

ఇదంతా విని మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తండ్రికి ఫోను చేసి, "నాన్నగారూ, పాలు ముక్కులోంచి వచ్చేవట కదా, నిజమేనా?" అని అడిగింది. మనుమడికి ఏడేళ్లు నిండడానికి ఇంకా నాలుగు నెలలున్నాయి. తప్పిన టీకాను ఆలోగా వేయించవచ్చు. వచ్చే బుధవారం వాడిని ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లాలని నిశ్చయించాము. ఆ రాత్రి జ్వరం వస్తే తడిగుడ్డ వేయడానికి నేను వాడి ప్రక్కనే పడుకుంటానని చెప్పాను.