ఒకటి నిలిచింది, ఒకటి కూలింది

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ పక్కన తెల్లగా మెరిసే శాసనసభ పాత భవనం చట్టసభ కోసం కట్టింది కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా 1905లో శంకుస్థాపన చేసి, 1913లో పూర్తిచేసిన టౌన్‌హాల్ అది. గుమ్మటాలు, కమానులు, సున్నపు నగిషీలు ఇప్పటికీ చూపు తిప్పుకోనివ్వవు.

కూతవేటు దూరంలోని సైఫాబాద్ ప్యాలెస్‌కు ఆ అదృష్టం దక్కలేదు. బల్లి అడ్డొచ్చిందని అదే నిజాం 1888 నాటి ఆ భవనానికి తాళం వేయించాడని కథ. నిజమో కాదో గానీ, తర్వాత అది సచివాలయం జి-బ్లాకై, ఉమ్మడి రాష్ట్ర ఫైళ్లు దశాబ్దాల పాటు అక్కడినుంచే కదిలాయి. బల్లి శకునాన్ని తట్టుకున్న గోడలు 2020 జులైలో యంత్రాలకు తలవంచాయి. హైకోర్టు అనుమతి ఉంది, నిజమే. కొత్త సచివాలయం అవసరమే అనుకుందాం. పాతిక ఎకరాల ఆవరణలో పాత మేడకు చోటు లేదంటే మాత్రం నమ్మలేం. వారసత్వ చట్టం తెచ్చిన మూడేళ్లకే ఈ కూల్చివేత!

మిగిలిన చారిత్రక కట్టడాలనైనా పేరుపేరునా ఆ చట్టం రక్షణలోకి తేవాలి. ప్రభుత్వం కొలువుదీరినవాటినే ముందు చేర్చాలి.